నూట ఇరవయ్యో రోజు

సెంట్రిఫ్యూజ్ ఆగాక టెక్నీషియన్ ట్యూబులను ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. అన్నిటిలోనూ అడుగున ఎర్రటి గడ్డ, దాని మీద ఎండుగడ్డి రంగు సీరం. ఒక్క ట్యూబులో మాత్రం పైనున్న ద్రవం గులాబీ రంగులో ఉంది. అది మా అమ్మది. “ఇది హీమోలైజ్ అయింది సార్. దీంతో చేస్తే పొటాషియం ఎక్కువ చూపిస్తుంది. అమ్మగారిని ఇంకోసారి కూర్చోబెట్టండి, ఈసారి నేనే తీస్తాను” అన్నాడు.

రెండోసారి ఆయన రక్తం తీస్తుంటే దగ్గరే నిలబడి చూశాను. స్పిరిట్ దూదితో తుడిచాక చర్మం ఆరేదాకా ఆగాడు. చేతికి కట్టిన రబ్బరు పట్టీని రక్తం కనబడగానే వదులు చేశాడు. పిస్టన్‌ను తొందరపెట్టకుండా లాగాడు. ట్యూబులోకి వదిలేటప్పుడు ధార గోడ వెంట జారేలా పట్టాడు. నిండిన ట్యూబును కుదపలేదు. మణికట్టు తిప్పుతూ ఐదారుసార్లు మెల్లగా తలకిందులు చేశాడు. వీటిలో ఏ ఒక్క పని మొరటుగా జరిగినా ఎర్రకణాలు కోట్లకొద్దీ పగిలి, లోపలి సరుకంతా సీరంలో కలుస్తుంది. కణం లోపల పొటాషియం బయటికన్నా ఇరవై రెట్లకు మించి ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. అదే స్టాండులో చివర ఒక చిన్న ట్యూబు చుట్టూ నల్ల కాగితం చుట్టి ఉంది. ఎవరో పసిబిడ్డదట. కాగితం ఎందుకో అప్పుడు అడగాలని తోచలేదు.

ఆ గులాబీ రంగు మాత్రం మనసులో ఉండిపోయింది. చెంచాడు సీరంలో కొన్ని కోట్ల కణాలు పగిలితేనే రంగు మారిపోయింది. ఎదిగిన మనిషి ఒంట్లో ఎర్రకణాలు సుమారు 25 లక్షల కోట్లు. ఒక్కోదాని ఆయువు 120 రోజులు. భాగించి చూస్తే సెకనుకు దాదాపు 24 లక్షలు, రోజుకు 20 వేల కోట్లకు పైగా కణాలు కూలిపోతున్నాయన్నమాట. ఆ సరుకంతా రక్తంలోనే ఒలికిపోతే రక్తపు ద్రవభాగమైన ప్లాస్మా ఎర్రబారాలి. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషి ప్లాస్మా ఎప్పుడు చూసినా ఎండుగడ్డి రంగులోనే ఉంటుంది. ఇంత కూల్చివేత ఒక్క మరక పడకుండా ఎక్కడ, ఎవరి చేతుల మీదుగా జరుగుతోంది? అప్పటినుంచీ నేను చదువుతున్నది దాన్ని గురించే.

కూల్చేవాడి నేర్పు తెలియాలంటే ముందు కట్టడాన్ని చూడాలి. ఎర్రకణం వెడల్పు 8 మైక్రాన్ల లోపు. అంచు మందం 2 మైక్రాన్లకు కాస్త మించుతుంది, నడుమ అందులో సగం. పిండి ఉండను రెండువైపులా బొటనవేలితో నొక్కితే వచ్చే బిళ్ల ఆకారం. ఈ నొక్కుడులోనే ఉంది అసలు కిటుకు. దాని లోపలి పరిమాణం సుమారు 90 ఘన మైక్రాన్లు. అంత సరుకు పట్టే గుండ్రటి బంతికి 97 చదరపు మైక్రాన్ల చర్మం చాలు. ఎర్రకణం 135కు పైగా వాడుకుంటుంది. అంటే దాదాపు 40 శాతం మిగులు గుడ్డతో కుట్టిన సంచి అది. మూతి దాకా దట్టించి కుట్టిన బస్తాను వంచలేం. కాస్త వెలితిగా నింపిన బస్తా ఎద్దు వీపు మీద వేయగానే ఒంపు తిరిగి కూర్చుంటుంది. తనకన్నా సన్నటి రక్తనాళాల్లో కణం దూరగలగడానికి కారణం ఆ వెలితే.

వంగిన సంచి మళ్లీ బిళ్లలా నిలవాలి. అందుకు పొర లోపలివైపు ఒక వల పరిచి ఉంటుంది. వల పోగుల పేరు స్పెక్ట్రిన్. చుట్టలు చుట్టుకొని ఉన్న ఈ ప్రొటీను పోగులు లాగితే సాగుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. పోగుల కొసలు ముడులు పడేచోట పొట్టి ఆక్టిన్ ముక్కలు ఉంటాయి. ఒక్కో ముడి దగ్గర సాధారణంగా ఆరు పోగులు కలుస్తాయి. ఈ వలను పై పొరకు కుట్టి ఉంచే టాకా పేరు యాంకిరిన్. అది ఒక చేత్తో స్పెక్ట్రిన్‌ను, రెండో చేత్తో పొరలో దిగిన బ్యాండ్ 3 అనే ప్రొటీనును పట్టుకుంటుంది. సాగే పోగు, సాగని ముడి, ఊడని టాకా. ఈ మూడింటి మీద ఆధారపడి కణం నాలుగు నెలలపాటు సన్నటి సందుల్లో నలుగుతూ, విప్పారుతూ తిరుగుతుంది. నిమిషానికి ఒక చుట్టు చొప్పున లెక్క వేసుకున్నా ఒంటిని లక్షా డెబ్బై వేలసార్లు చుట్టి వస్తుంది.

సంచి లోపల 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు. చోటు కోసం కణం తనకున్నదంతా వదులుకుంది. మూలుగలోంచి బయటపడే ముందే కేంద్రకాన్ని గెంటేస్తుంది. మిగిలిన యంత్రాంగాన్ని ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో దించేస్తుంది. కొత్త ప్రొటీను తయారుచేసుకునే దారి ఇక లేదు. పుట్టినింటి నుంచి మూటగట్టుకొచ్చిన పనిముట్లతోనే ఆయువంతా నెట్టుకురావాలి. ఆక్సిజన్‌తో ఇంధనం మండించే మైటోకాండ్రియాలు కూడా పోయాయి కాబట్టి మోసుకెళ్లే ఆక్సిజన్‌లో ఒక్క గింజ కూడా తాను తినదు. చక్కెరను ఆక్సిజన్ లేకుండానే విరిచి, వచ్చిన కాస్త ఏటీపీ అనే ఇంధనంతో సోడియంను బయటికీ పొటాషియంను లోపలికీ తోడుకుంటూ బతుకుతుంది. ఆ తోడకం ఆగితే నీళ్లు లోపలికి చేరి సంచి ఉబ్బుతుంది. ఈ ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి గుర్తించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తం గురించి చదివేటప్పుడు ఆ పేరు రెండుసార్లు ఎదురవుతుంది; రెండోది తర్వాత చెబుతాను.

ఇనుము, ఆక్సిజన్ ఒకే గదిలో ఉంటే తుప్పు తప్పదు. హీమోగ్లోబిన్‌లో రోజూ కొంత భాగం తుప్పుపడుతూనే ఉంటుంది. ఆ తుప్పు రేపే మంటకు అడ్డుపడేది గ్లూటాథయోన్ అనే చిన్న అణువు. ప్రతిసారీ తానే కాలి, మిగతావాటిని కాపాడుతుంది. కాలిన గ్లూటాథయోన్‌ను మళ్లీ పనికి తేవడానికి కావలసిన సరంజామాను అందించే ఎంజైమ్ జీ6పీడీ. కణంలో దీనికి ప్రత్యామ్నాయం లేదు. కొత్తగా తయారయ్యేదీ లేదు. రోజులు గడిచేకొద్దీ ఉన్నదే అరిగిపోతుంటుంది.

అలా నూరు రోజులు దాటాక కణం ముసలిదవుతుంది. పొర అంచుల్లోంచి చిన్నచిన్న బుడగలు రాలిపోయి మిగులు గుడ్డ తగ్గుతుంది. లోపలి నీరు తగ్గి సరుకు చిక్కబడుతుంది. పాడైన హీమోగ్లోబిన్ లోపలినుంచి పొరకు అంటుకొని, విడివిడిగా ఉండాల్సిన బ్యాండ్ 3లను ఒకచోట గుంపు చేస్తుంది. ఈ గుంపును రక్తంలో ఎప్పుడూ తిరిగే యాంటీబాడీలు గుర్తుపట్టి వచ్చి కూర్చుంటాయి. పొర లోపలి అరలో దాగి ఉండాల్సిన ఒక కొవ్వు పదార్థం బయటి అరలోకి తేలుతుంది. కణం పైన సీడీ47 అనే ఒక ప్రొటీను ఉంటుంది; భక్షక కణం చేయి వేసినప్పుడు ‘నేను మనవాడినే, వదిలెయ్’ అని చెప్పే గుర్తు అది. ముసలి కణం మీద ఆ మాట బలం తగ్గుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, ఏ ఒక్క గుర్తునూ ఒంటరిగా నమ్మి తీర్పు చెప్పే పద్ధతి ఇక్కడ లేదు. అనేక చిన్న సాక్ష్యాలు పోగవుతాయి. వాటన్నిటినీ తూచే చోటు ప్లీహం.

ఎడమ పక్క డొక్క చాటున, గుప్పెడంత, నూటయాభై గ్రాముల అవయవం ప్లీహం. అందులో ఎర్రగుజ్జు అనే భాగంలోకి వచ్చే రక్తంలో కొంత నాళాల్లోంచి నాళాల్లోకి పోదు. గట్టు తెగిన కాలువలా మెత్తటి కండలోకి పారిపోతుంది. అక్కడ దారి పొడుగునా మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు కూర్చుని ఉంటాయి. మళ్లీ రక్తప్రవాహంలో కలవాలంటే ఒక గోడ దాటాలి. ఆ గోడ కట్టిన తీరు నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. పొడుగాటి కణాలు వెదురు బద్దల్లా పక్కపక్కన నిలబడి ఉంటాయి. దడిని అడ్డంగా తాళ్లతో కట్టినట్టు వాటి చుట్టూ సన్నటి నార పట్టీలు. బద్దకూ బద్దకూ మధ్య చీలిక ఉంటుంది. దాని పొడుగు రెండు మూడు మైక్రాన్లు, వెడల్పు ఒక మైక్రాన్‌కు మించదు. ఒంట్లో ఎర్రకణం దూరాల్సిన దారుల్లో ఇంతకన్నా ఇరుకైనది లేదు.

ఎనిమిది మైక్రాన్ల బిళ్ల ఒక్క మైక్రాన్ చీలికలోంచి పోవాలి. కుర్ర కణం ముందు ఒక కొస తోస్తుంది, సన్నటి మెడలా సాగి అటువైపు బయటపడుతుంది, లోపలి సరుకు మెల్లగా ఆ మెడలోంచి జారుతుంది, చివరికి వెనక కొస కూడా వచ్చేస్తుంది. అవతల పడగానే మళ్లీ బిళ్ల. మిగులు గుడ్డ ఉందా, వల సాగుతోందా, సరుకు పల్చగా ఉందా అనే మూడు ప్రశ్నలకూ ఒకే సందు జవాబు రాబడుతుంది. ఏ రసాయనం కలపకుండా, కణానికి ఏ హానీ చేయకుండా వయసు తేల్చే పరీక్ష. నెగ్గినది వెళ్లిపోతుంది. నెగ్గనిది గోడకు ఇవతలే ఆగుతుంది. ఆగినచోట మాక్రోఫేజ్ ఉంటుంది.

ఈ దడి దగ్గరే ఇంకో సున్నితమైన పని జరుగుతుంది. ఒక్కోసారి కణం బాగానే ఉంటుంది, లోపల ఏదో గట్టి ముక్క మాత్రం మిగిలిపోతుంది. గెంటేసిన కేంద్రకం తాలూకు తునక కావచ్చు, ముద్దకట్టిన హీమోగ్లోబిన్ కావచ్చు. మెత్తటి కణం చీలికలోంచి జారిపోతుంది, గట్టి ముక్క అంచు దగ్గర చిక్కుకుంటుంది. దాన్ని చుట్టిన కాస్త పొరతో సహా ఆ ముక్క ఇవతల తెగి ఉండిపోతుంది. కణం తెగిన చోటు మూసుకుని ప్రయాణం సాగిస్తుంది. చింతపండు పిసికి గింజ తీసినంత పని, మైక్రాన్ల కొలతలో. ప్లీహం తీసేసినవారి రక్తాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే కణాల్లో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. వాటిని హోవెల్-జాలీ బాడీస్ అంటారు. మనందరి మూలుగలోనూ అవి తయారవుతూనే ఉంటాయి. ఏరేవాడు ఉన్నంతకాలం కంటబడవు.

ఆగిపోయిన కణాన్ని మాక్రోఫేజ్ పూర్తిగా మింగుతుంది. ముక్కలుగా కొరకదు, బయట చిందించదు. ప్లాస్మా ఎందుకు ఎర్రబడదన్న నా ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరికింది. కూల్చివేత దాదాపు అంతా నాలుగు గోడల మధ్య, ఒక కణం కడుపులో జరుగుతుంది. ప్లీహంతోపాటు కాలేయంలోనూ, మూలుగలోనూ ఈ పనివాళ్లు ఉంటారు.

లోపల జరిగేదాన్ని మనం కళ్లతో చూసే అవకాశం ఒకటుంది. మంచంకోడు మోకాలికి తగిలి కమిలితే ఆ మచ్చను పది రోజులు గమనించండి. చర్మం కింద ఒలికిన రక్తాన్ని శుభ్రం చేసేదీ మాక్రోఫేజ్‌లే. మొదట నల్లగా నీలంగా ఉంటుంది. తర్వాత అంచుల్లో ఆకుపచ్చ తిరుగుతుంది, ఆపైన పసుపు. హీమోగ్లోబిన్‌లోని ప్రొటీను భాగం అమైనో ఆమ్లాలుగా విడిపోయి వేరే పనులకు వెళ్లిపోతుంది. మిగిలేది హీమ్. నాలుగు చిన్న వలయాలు గుండ్రంగా చేరి, నడుమ ఇనుమును పట్టుకున్న చక్రం. హీమ్ ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ మూడు ఆక్సిజన్ అణువులు ఖర్చుపెట్టి ఆ చక్రాన్ని ఒకేచోట తెరుస్తుంది. తెగిన కీలు దగ్గరి కార్బన్ ఒక్కటి కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి వచ్చేస్తుంది, ఇనుము విడుదలవుతుంది, విచ్చుకున్న చక్రం ఆకుపచ్చటి బిలివర్దిన్ అవుతుంది. ఇంకో ఎంజైమ్ దాన్ని పసుపు బిలిరుబిన్‌గా మారుస్తుంది. మోకాలి మీది పచ్చ, పసుపు ఈ రెండే. మన ఊపిరిలో లేశమంత కార్బన్ మోనాక్సైడ్ ఎప్పుడూ ఉంటుంది; ఒంట్లో తయారయ్యే ఆ వాయువులో అధిక భాగం ఈ ఒక్క కోత నుంచి వచ్చేదే. అందుకే పసిపిల్లల ఊపిరిలో దాన్ని కొలిచి, ఎర్రకణాలు ఎంత వేగంగా కూలుతున్నాయో అంచనా వేసే సాధనాలు కూడా వచ్చాయి.

ఇనుము కథ కంసాలి కొట్టును గుర్తుచేస్తుంది. కొత్త రక్తం కోసం మూలుగకు రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. తిండిలోంచి ఒంటబట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. మిగిలినదంతా పాత నగ కరిగించి తీసినదే. మాక్రోఫేజ్ గుమ్మం దగ్గర ఫెర్రోపోర్టిన్ అనే తలుపు ఉంటుంది. తలుపు అవతల ట్రాన్స్‌ఫెరిన్ వేచి ఉండి, ఒక్కోటి రెండేసి ఇనుము పరమాణువులను ఒడిలో పెట్టుకొని మూలుగకు చేరుస్తుంది. వెంటనే అక్కర్లేని ఇనుము ఫెర్రిటిన్ డొల్లల్లో భద్రమవుతుంది. ఒక్కో డొల్లలో 4500 దాకా పరమాణువులు పడతాయి. ఇంత పొదుపుగా కట్టిన ఏర్పాటులో ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి అంటూ పెట్టలేదు. తలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కిస్తుంటే, ఆ రక్తంతో వచ్చిన ఇనుము గుండెలోనూ కాలేయంలోనూ పేరుకుపోవడానికి కారణం ఇదే. దాన్ని పట్టి బయటికి లాగే మందులు జీవితాంతం వాడాలి.

బిలిరుబిన్ పంపకం వేరే చిక్కు. దానికి నీళ్లంటే ఇష్టమైన చేతులు రెండున్నాయి. కానీ అణువు తనలోకి తాను ముడుచుకుని ఆ రెండు చేతులనూ లోపల దాచేసుకుంటుంది. అందుకే నీళ్లలో కరగదు. ఆల్బుమిన్ వీపు మీద ఎక్కి కాలేయానికి చేరుతుంది. కాలేయం ఆ చేతులకు చక్కెర సంబంధమైన ఆమ్లాన్ని తగిలిస్తుంది. ఇక ముడుచుకోవడం కుదరదు, నీళ్లలో కరుగుతుంది, పైత్యరసంతో పేగుల్లోకి దిగుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని ఇంకా మార్చి మలానికి గోధుమ రంగును, మూత్రానికి పసుపును ఇస్తాయి. ఆ సూక్ష్మజీవుల ఎంజైమ్ ఏమిటో 2024లో గానీ తేలలేదు. రోజూ చూసే రంగు వెనకున్న పనివాడి పేరు కనుక్కోవడానికి ఇంతకాలం పట్టింది.

ఇదంతా కొట్టు లోపలి పని. జబ్బు రెండు రకాలుగా వస్తుంది. కొట్టుకు పని మితిమీరుతుంది, లేదా పని కొట్టు బయట, నడివీధిలో జరుగుతుంది.

కణాలు వీధిలో పగిలితే, దానికీ ఒక ఏర్పాటుంది. కంసాలి వీధి కాలువల్లో మట్టి ఎత్తి కడిగి బంగారు రజను ఏరుకునేవాళ్లను చూసే ఉంటారు. ప్లాస్మాలో ఆ పని చేసేది హాప్టోగ్లోబిన్. ఒలికిన హీమోగ్లోబిన్ కనబడితే విడిపించలేనంత గట్టిగా పట్టుకుని మాక్రోఫేజ్‌కు అప్పగిస్తుంది. తానూ దానితోపాటే అంతమవుతుంది. ఒక్క ప్రయాణానికే పనికొచ్చే మనిషి. కాబట్టి రక్తంలో హాప్టోగ్లోబిన్ అడుగంటిందంటే ఎక్కడో కణాలు విపరీతంగా కూలుతున్నాయని డాక్టర్లు గ్రహిస్తారు. దాని చేయి దాటి విడిపోయిన హీమ్‌ను పట్టడానికి హీమోపెక్సిన్ ఉంటుంది. ఆ రెండూ చాలకపోతే హీమోగ్లోబిన్ సగానికి విడిపోయి మూత్రపిండాల వడపోతలోంచి జారుతుంది. మూత్రం డికాక్షన్ రంగుకు తిరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను స్వేచ్ఛగా తిరిగే హీమోగ్లోబిన్ మింగేస్తుంది కాబట్టి నాళాలు బిగుసుకుంటాయి. సంచిలో ఉన్నంతసేపూ ప్రాణం నిలిపిన పదార్థమే, సంచి దాటితే విషం.

ఇక ఒక్కో జబ్బునూ చూస్తే, అది పైన చెప్పిన ఏదో ఒక భాగాన్ని వేలెత్తి చూపుతుంది. యాంకిరిన్ టాకాలు పుట్టుకతోనే బలహీనమైతే పొర ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది, మిగులు గుడ్డ పోతుంది, కణం బంతి అవుతుంది. వంశపారంపర్య స్ఫెరోసైటోసిస్ అంటారు. ఆ బంతి ఆక్సిజన్ బాగానే మోస్తుంది, దడి మాత్రం దాటలేదు. తీవ్రంగా ఉన్నవారికి ప్లీహం తీసేస్తే కణాలు బంతుల్లాగే ఉండి కూడా చాలాకాలం తిరుగుతాయి. దీన్ని పట్టే పాత పరీక్ష ఎంత సూటిదో చూడండి. మన ప్లాస్మాకు సాటివచ్చే ఉప్పునీరు 0.9 శాతం. దాన్ని మెట్టుమెట్టుగా పల్చన చేస్తూ కణాలను వేస్తారు. నీరు చొరబడినా వెలితి ఉన్న సంచి 0.5 శాతం దాకా తట్టుకుంటుంది. ముందే నిండిన బంతి ఇంకా ముందే పగులుతుంది. ఏ మెట్టు దగ్గర నీళ్లు గులాబీ అయ్యాయో చూడటమే.

జీ6పీడీ తక్కువైనవాళ్లు ప్రపంచంలో సుమారు 40 కోట్లమంది. ఎక్స్ క్రోమోజోమ్ మీది లోపం కాబట్టి మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ లాంటి మందు పడ్డప్పుడు గ్లూటాథయోన్ ఖర్చు హఠాత్తుగా పెరుగుతుంది, తిరిగి నింపేవాడు ఉండడు. హీమోగ్లోబిన్ ముద్దకడుతుంది. దడి దగ్గర ఆ ముద్దలు తెగిపోగా మిగిలిన కణాలు అంచు కొరికిన అప్పడాల్లా కనిపిస్తాయి. మన ఇళ్లలో జాగ్రత్తపడాల్సిన వస్తువు ఒకటుంది. బీరువాల్లో, ట్రంకుపెట్టెల్లో వేసే కలరా ఉండలు. నాఫ్తలీన్‌తో చేసిన ఆ ఉండల మధ్య దాచిన బట్టలు, బొంతలు ఉతకకుండా పసిబిడ్డకు వాడితే, ఈ లోపం ఉన్న బిడ్డకు కణాలు కూలి కామెర్లు ముదురుతాయి.

మలేరియా పరాన్నజీవి స్వయంగా ఎర్రకణంలో చేరి హీమోగ్లోబిన్‌ను తింటుంది. కానీ హీమ్ చక్రాన్ని తెరిచే విద్య దానికి లేదు. తెరవకుండా వదిలేస్తే తనకే విషం కాబట్టి స్ఫటికాలుగా పేర్చి మూలకు నెడుతుంది. అవి నల్లటి రేణువులు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడను మైక్రోస్కోప్ కింద పరిశీలిస్తూ, అక్కడి వింత కణాల్లో ఈ నల్ల రేణువులను చూసే అవి మలేరియావని పోల్చుకున్నాడు. పరాన్నజీవికి చేతకాక మిగిల్చిన చెత్తే దాని ఆచూకీ చెప్పింది. మన ఒంటి మాక్రోఫేజ్ ఒక్క కోతతో ముగించే పనిని దీనితో పోల్చి చూస్తే, ఆ కోత ఎంత విలువైనదో తెలుస్తుంది.

సికిల్ సెల్‌లో తప్పు సరుకులోనే ఉంది. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంది; 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ దీన్ని కనుక్కున్నాడు. ఆక్సిజన్ దించిన చోట హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలవుతాయి, కణం కొడవలిలా వంకర తిరుగుతుంది, 120 రోజుల ఆయువు పది ఇరవై రోజులకు పడిపోతుంది. ఉట్నూరు, భద్రాచలం, పాడేరు ఏజెన్సీ ఊళ్లకు ఇది పుస్తకంలోని విషయం కాదు. 2023 జులైలో దేశమంతటా మొదలైన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో పరీక్ష చేసి కార్డు ఇవ్వాలన్నది అందుకే. కూలిన లెక్కన మూలుగ కొత్త కణాలు తయారుచేస్తూ పోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. ఇలాంటి రోగులకు రోజూ ఇచ్చే ఆ చిన్న పసుపు బిళ్ల దగ్గర సుబ్బారావు రెండోసారి ఎదురవుతాడు. 1940ల్లో లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించిన బృందాన్ని నడిపింది ఆయనే.

కొన్నిసార్లు కణంలో ఏ లోపమూ ఉండదు, ఒంటి యాంటీబాడీలే పొరపాటున దాన్ని పరాయిదనుకుంటాయి. ఇంకొన్నిసార్లు ఆ యాంటీబాడీలు వేరే ఒంటివి: తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డ కణాలను పట్టేయవచ్చు. కణం మీద కూర్చున్న యాంటీబాడీ కంటికి కనబడదు. 1945లో కేంబ్రిడ్జ్‌లో కూంబ్స్, మౌరాంట్, రేస్ దాన్ని కనబడేలా చేశారు. మనిషి యాంటీబాడీలను పట్టుకునే ఇంకో యాంటీబాడీని కలిపితే అది రెండు కణాల మధ్య వంతెన వేస్తుంది, కణాలు గింజకడతాయి. దానికి ముందు కణాలను ఉప్పునీటితో మూడుసార్లు శుభ్రంగా కడగాలి. కడగడంలో తొందరపడితే బయట తేలే యాంటీబాడీలే కొత్తగా కలిపినదాన్ని మింగేసి, ఉన్న జబ్బు లేదని చూపిస్తాయి. ఇంత పెద్ద పరీక్ష ఫలితం కడిగే చేతి ఓపిక మీద ఆధారపడి ఉంది.

చివరికి ఆ నల్ల కాగితం సంగతి. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ బిలిరుబిన్ మాయ దాటి తల్లికి చేరుతుంది. తల్లి కాలేయమే దాన్ని పంపేస్తుంది. పుట్టగానే ఆ దారి మూసుకుంటుంది. బిడ్డ ఎర్రకణాల ఆయువు పెద్దలకన్నా తక్కువ, కూలేవి ఎక్కువ. చేతులకు ఆమ్లం తగిలించే కాలేయపు ఎంజైమ్ ఇంకా నిద్రలేవలేదు. అందుకే మొదటి వారంలో కామెర్లు అంత మామూలు. మోతాదు మించితే మాత్రం బిలిరుబిన్ మెదడుకెక్కుతుంది, ఆ నష్టం తిరిగిరాదు.

1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లలను ఎండపూట ఆరుబయటికి తీసుకెళ్లేది. ఒకరోజు ఒక బిడ్డను డాక్టరుకు చూపించింది. ఒళ్లంతా పసుపు తగ్గింది. దుప్పటి అంచు కప్పిన ముక్కోణం మేర మాత్రం ముదురు పసుపు అలాగే ఉంది. కొద్ది వారాలకు అదే ఆసుపత్రి ల్యాబ్‌లో కామెర్ల పరీక్షకు వచ్చిన ఒక రక్తపు ట్యూబును కిటికీ గట్టు మీద ఎండలో మరిచిపోయారు. కొలిస్తే బిలిరుబిన్ ఉండాల్సినదానికన్నా బాగా తక్కువగా ఉంది. ఆ ఆసుపత్రి డాక్టరు క్రెమర్, ఆయన సహచరులు 1958లో నీలి కాంతి దీపాలతో చికిత్సను ప్రకటించారు. తనలో తాను ముడుచుకున్న అణువుకు ఆ కాంతి తగిలితే ఒక కీలు అటునుంచి ఇటు తిరుగుతుంది. తిరిగాక చేతులు దాచుకోవడం కుదరదు. కాలేయం ఆమ్లం తగిలించి సాధించేదాన్ని వెలుగు ఒక కీలు తిప్పి సాధిస్తుంది. ఇళ్లలో బిడ్డను పొద్దుటెండలో పడుకోబెట్టడం వెనక ఉన్నదీ ఇదే, కానీ ఎండకు మోతాదు ఉండదు. లేత చర్మం కాలుతుంది, బిడ్డ చల్లబడుతుంది. అరికాళ్లదాకా పసుపు దిగితే పసరుమందుల దగ్గర ఆగకుండా ఆసుపత్రికే పరుగెత్తాలి.

అమ్మ రిపోర్టు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ టెక్నీషియన్ మరో చిన్న ట్యూబుకు నల్ల కాగితం చుడుతున్నాడు. కిటికీలోంచి ఎండ బల్ల మీదికి పడుతోంది. కాగితం కొసలు రెండూ లోపలికి మడిచి, వెలుతురు దూరే సందు ఏమీ లేదని తిప్పి చూసుకుని, స్టాండులో నీడవైపు పెట్టాడు.